లాగి చూసినవాడు

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు నేర్చుకున్నది మా ఆయన పోయాక, పెద్ద వయసులో. ఒత్తులు తప్పుతుంటాయి, రాత నెమ్మది. తప్పులుంటే మన్నించి కథ చూడండి.

"ఎవులు మావా? ఏటి కావాల?"

గాజుపెంకుతో విల్లు గీకుతున్న ధనరాజు తలెత్తి అడిగాడు.

పాలకొండ దాటాక, కొండ మొదట్లో అతని ఇల్లు. బతుకు వడ్రంగం మీద. విల్లు చేయడం తండ్రి నేర్పిన విద్య.

గుమ్మం ముందు నిలబడిన మనిషికి యాభై దాటి ఉంటాయి. ఉప్పునీటికి పాదాలు తెల్లగా పగిలి ఉన్నాయి.

"నౌపడ నుంచి బాబూ. ఉప్పు మడుల్లో పని. విల్లు సేస్తన్నావని తెలిసింది."

"అమ్మడానికి కాదు. మా పిల్ల షాలినికి. శనివారం విజయనగరంలో బాణాల పోటీకి సెలక్షను."

"కొనడానికి రానేదు. లాగడానికొచ్చాను."

ధనరాజుకు నవ్వొచ్చింది.

"లాగడానికా? ఇది విల్లు మావా, రథం కాదు."

లోపలి నుంచి షాలిని కూడా నవ్వింది.

గోడకు పెద్ద మేకు ఉంది. విల్లును దానికి తగిలించి, నారిని తాడుతో కిందికి లాగి చూస్తాడు ధనరాజు. పై సగం, కింది సగం సమంగా వంగాలి. బిర్రుగా ఉన్నచోట కాస్త గీకాలి. ఎక్కువ గీకితే ఆ చోటు నీరసపడుతుంది. తీసిన చెక్క మళ్లీ అతకదు.

అటక మీద బాగా ఎండిన కర్ర అదొక్కటే మిగిలింది. శనివారం దగ్గర పడుతోందని ధనరాజుకు కంగారు.

"లాగడానికి గోడున్నాది కదా మావా. నువ్వెందుకు?"

"గోడకి మొకం ఉండదు కదా బాబూ."

"తిక్కమనిషిలాగున్నాడు," గొణిగాడు ధనరాజు.

"లాగనీ నాన్నా. నీ నడుం నొప్పి తగ్గుతాది," అంది షాలిని.

ఆ రోజంతా ధనరాజు గీకాడు, అతను లాగాడు. కొద్దిగా లాగి వదలడం, మళ్లీ లాగడం. మధ్యాహ్నం చోడి అంబలి ఇస్తే తాగాడు. పేరు అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

"విల్లు పని తెలుసా మావా?"

"నాకేటీ తెలవదు. లాగమంటే లాగతాను."

సాయంత్రానికి రెండు సగాలూ ఒకదాన్ని చూసి ఒకటి వంగినట్టు వంగాయి. ధనరాజు మొహం విప్పారింది.

షాలిని చెయ్యి చాపింది.

"ఇంక నాకియ్యి మావా."

"ఒక్కపాలి పాపా. పూర్తిగా లాగి ఇస్తాను."

"సాల్లే మావా, దాని కొలత దాకా లాగేసినావు," అన్నాడు ధనరాజు.

అతను వినలేదు. షాలినిని దూరంగా జరగమని, నారిని చెంప దాటించి చెవి దాకా లాగాడు.

ఫట్‌మంది.

పై సగం విరిగి, ముక్క ఎగిరి అతని కనుబొమ్మను చీల్చింది.

"సంపేసినావు కదరా!" ధనరాజు అరిచాడు. "అంత లాగమని ఎవుడు సెప్పినాడు? శనివారం నా కూతురు ఏటి పట్టుకుని ఎల్తాది? ఎవుడు పంపినాడురా నిన్ను?"

అతను తువ్వాలుతో నెత్తురు అదుముకున్నాడు.

"పాప సేతిలో ఇరగనేదు కదా బాబూ."

"నోర్ముయ్యి! ఎల్లు! మళ్లీ ఈ గుమ్మం తొక్కితే కాళ్లిరగ్గొడతాను!"

షాలిని చెంబుతో నీళ్లు తెస్తే, ధనరాజు చెంబు లాక్కుని పారబోశాడు.

అతను మారు మాట్లాడకుండా రోడ్డు వైపు వెళ్లిపోయాడు.

శనివారం షాలిని ఎవరిదో విల్లు అడిగి తెచ్చుకుని బాణాలు వేసింది. చేతికి అలవాటు లేని విల్లు. ఎంపిక కాలేదు.

అక్కడే షాలిని కోచ్ నారాయణమూర్తి ముందు ధనరాజు గోడు వెళ్లబోసుకున్నాడు. సంచిలోంచి విరిగిన ముక్క తీశాడు.

"సూడండి సార్, ఆ పాపిష్టోడు సేసిన పని."

నారాయణమూర్తి ముక్కను వెలుతురు వైపు తిప్పి, విరిగినచోట గోటితో గీరాడు. పొడి రాలింది.

"పురుగు తొలిచింది ధనరాజూ. పైకి బాగానే ఉంది, లోపల గుల్ల. ఆయన చేతిలో విరగకపోతే ఇవాళ షాలిని చెంప దగ్గర విరిగేది."

ధనరాజు ఆ ముక్కను వేలితో తట్టి చూశాడు.

"మా నాన్న ప్రతి కర్రా తట్టి, చప్పుడు ఇనీవోడు సార్. కంగారులో నాను తట్టనేదు. నెత్తురు కారతా ఉంటే నీళ్లు కూడా ఇవ్వనీనేదు."

"ఎక్కడివాడన్నాడు?"

"నౌపడ. ఉప్పు మడుల్లో పనంట."

నారాయణమూర్తి ముక్కను ఒళ్లో పెట్టుకున్నాడు.

"నిరుడు నా దగ్గర నేర్చుకునే పిల్లల కోసం నువ్వు చేసిన విల్లు ఒకటి ఇలాగే విరిగింది. దాన్ని పట్టుకున్న పిల్లకి కుడి కన్ను పోయింది. నీకు చెప్పలేదు."

"నా విల్లా? ఎందుకు సెప్పనేదు సార్?"

"ఆ ఇంట్లోవాళ్లు వద్దన్నారు. తెలిస్తే నీ చెయ్యి వణుకుతుందట, ఇంక విల్లు చెయ్యలేవట. షాలినికి కొత్త విల్లు చేస్తున్నావని మొన్న వాళ్లింట్లోనే నోరు జారాను."

"ఎవులు సార్ ఆళ్లు? ఎల్లి కాళ్లట్టుకుంటాను."

"నువ్వు తరిమేసింది ఆ పిల్ల తండ్రిని, ధనరాజూ."

— గేదెల కూర్మమ్మ, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు ఉంటున్నది ఆమదాలవలసలో, చిన్న కోడలి దగ్గర.