నూటికి అరవై

“మీరు లహరికి ఏమవుతారు?”

“బాబాయినమ్మా,” అన్నాడు పరదేశి, మెట్ల దగ్గర లహరి చెప్పమన్నట్టే.

త్రివేణి కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే ఆ ముక్క కొట్టేసుకుంది. మోవా పేటలో, మందుల షాపు మీద, ఇరుకు మెట్లెక్కి రావాల్సిన గది ఆమెది. ఏ పిల్లకి ఏ కాలేజీలో సీటొస్తుందో ముందే లెక్కగట్టి చెప్పడం ఆమె పని. ఇంజనీరింగు కాదు, డాక్టరీ కాదు. చరిత్ర, సాహిత్యం, లెక్కలు అన్నీ కలిపి నేర్పే పెద్ద పెద్ద కాలేజీలు. అక్కడ మార్కులొక్కటే చూసి ఊరుకోరు మహానుభావులు. పిల్ల ఎలాంటిది, ఎన్ని కష్టాలు పడింది, అన్నీ తవ్వి తీస్తారు. దానికో వ్యాసం రాయాలి.

“లహరి రాలేదేం?”

“కిందే కూకుంది. పైకి రానంది.”

“టెన్షన్ లెండి. కోయీ బాత్ నహీ, పర్లేదు.” త్రివేణి వాళ్ళది విజయనగరమే అయినా తను పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే, హిందీవాళ్ళ మధ్య, గుఢియారీ పేటలో. నాలుగు తెలుగు ముక్కల మధ్య రెండు హిందీ ముక్కలు దొర్లుతూనే ఉంటాయి. “సాఫ్ సాఫ్ చెప్పేస్తాను అంకుల్. పోయిన నెల వచ్చినప్పుడు నీ ఛాన్సు నూటికి పదిహేను అన్నాను. ఏడ్చుకుంటూ వెళ్ళింది.”

“తెల్సు. రెండ్రోజులు అన్నం ముట్టలేదు.”

“నేనేం చెయ్యను చెప్పండి? తొంభై నాలుగు శాతం వాళ్ళకో లెక్కా! వ్యాసం చూస్తే నీళ్ళ చారు. రైల్వే క్వార్టర్లో పెరిగాను, నాన్న ట్రాక్‌మన్, పుస్తకాలంటే ఇష్టం... బస్, అంతే. నీ బతుకులో ఏదైనా జరిగితే అది రాయి తల్లీ అని మొహమ్మీదే చెప్పాను. ఇప్పుడు రాసింది చూడండి! నూటికి అరవై. ఫీజు కూడా మొత్తం మాఫీ చేసేస్తారు.”

అరవై అనేసరికి పరదేశికి ప్రాణం లేచొచ్చింది. మడత పడని ఎడమకాలు చాపుకుని కూర్చున్నవాడు కాస్త ముందుకు జరిగాడు.

“అంత బాగా రాసిందా?”

“మీకు చూపించలేదా?”

“ఇంగ్లీషు కదమ్మా. నాకేటి తెలుస్తాది?”

“అయితే వినండి.” త్రివేణి స్క్రీను మీద చూస్తూ తెలుగులో చెప్పుకుపోయింది. పొగమంచు. పొద్దున్న ఆరు గంటలు. వంగి పట్టాల బోల్టులు బిగిస్తున్న తండ్రి. వెనకనుంచి వచ్చిన ఇంజను. ఎనిమిదో క్లాసు పరీక్షకి తయారవుతున్న పిల్ల. ఆస్పత్రి వరండా. “ఇదిగో, ఇక్కడ వినండి. ‘సాయంత్రం నాన్న ఇక లేరని చెప్పారు. ఆ రోజునుంచి మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.’ అబ్బ! ఈ ఒక్క ముక్క చాలు అంకుల్, సీటు తెచ్చిపెడుతుంది.”

పరదేశికి చెవిలో నీళ్ళు దూరినట్టు ఆమె గొంతు ఎక్కడో దూరంగా వినిపించింది. ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. గోడమీది క్యాలెండర్లో తారీకులు ఒక్కొక్కటే చదువుకుంటూ కూర్చున్నాడు.

“అయ్యో, సారీ అంకుల్. మీకు స్వయానా అన్నయ్య కదా, నేను గబగబా చదివేశాను. ఆ రోజు మీరూ అక్కడే ఉన్నారా?”

“ఉన్నానమ్మా.”

“మరి ఈ కాలు...”

“ఆ రోజుదే.”

“హే భగవాన్! ఇద్దరూ ఒకే ట్రాక్ గ్యాంగా?” ఆమె మంచినీళ్ళ సీసా ఇటు జరిపింది. పరదేశి తాగలేదు.

“ఆ ముక్క తీసెయ్యొచ్చా?” అన్నాడు.

“ఏ ముక్క?”

“మనిషి పోయాడన్న ముక్క.”

“తీసేస్తే మళ్ళీ పదిహేనే.”

“పోనీ, దెబ్బ తగిలింది గానీ బతికాడనీసి రాస్తే?”

“అబద్ధాలా? వాళ్ళు పట్టుకున్నారంటే ఇంక ఏ కాలేజీ గడపా తొక్కనివ్వరు.” త్రివేణి గొంతు తగ్గించింది. “మీ బాధ నాకు తెలుసు అంకుల్. పోయినవాళ్ళ పేరు చెప్పి సీటు అడుగుతున్నట్టు ఉంటుంది. కానీ ఆ పిల్ల ఎంత ప్రేమగా రాసిందో చూడండి. నాన్న నన్ను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు అంది.”

“అన్నాడు. చాలాసార్లు తిట్టాడు. ఓసారి చెయ్యి కూడా చేసుకున్నాడు.”

“ఉండనివ్వండి. ఎవరైనా పోయాక మంచే రాస్తారు.” ఆమె ప్రింటు తీసి బల్లమీద పెట్టింది. “ఇందులో రాసిందంతా నిజమేనని గార్డియన్ సంతకం కావాలి. ఇవాళే ఆఖరు. ఐదింటికి మూసేస్తారు.”

గడియారంలో నాలుగున్నర. పెన్ను పట్టుకుని పరదేశి ఆ కాగితం వంక చూశాడు. ఇది కాదమ్మా అని ఒక్క మాట అంటే సరిపోతుంది. అనాలనే ఉంది. కానీ కంచం ముందు రెండ్రోజులు బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్న పిల్ల గుర్తొచ్చింది. పదిహేను. అరవై. నాలుగేళ్ళుగా ఈ కాలుతో దానికి తను చేసిపెట్టగలిగిందేమీ లేదు. డ్యూటీ రిజిస్టర్లో పెట్టినట్టే, ఎవరికీ అర్థం కాకుండా గిలికేశాడు.

“థ్యాంక్యూ అంకుల్. మీలాంటి బాబాయి ఉండడం దాని అదృష్టం.”

తల ఊపి లేచాడు. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ పెట్టుకుంటూ దిగాడు. చివరి మెట్టు మీద మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చున్న లహరి దిగ్గున లేచింది. సీటు గురించి అడగలేదు. సంతకం గురించీ అడగలేదు. అతని మొహంలోకి చూసి పాలిపోయింది.

“ఆవిడ చదివి వినిపించిందా, నాన్నా?”