అకౌంటెంట్ ఇంగ్లీషు

“ఐ రికార్డ్ డైలీ ట్రాన్సాక్షన్స్. ఐ రీకన్సైల్ బ్యాంక్ స్టేట్‌మెంట్స్.”

వెల్దుర్తి దగ్గరి పల్లెలో, ఇంటి వసారాలో పచార్లు చేస్తూ చైతన్య వల్లె వేస్తున్నాడు. తెల్లారితే గుంటూరులో అకౌంటెంట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. బాంబులకూ కత్తులకూ దూరంగా బతకాలంటే అతనికి అదొక్కటే దారి.

“ఇంటర్వ్యూ అయ్యేదాకా గడప దాటమాక,” అని వాళ్లమ్మ ఒట్టు వేయించుకుంది. నాన్న పుల్లయ్య, అన్నలు పొద్దుటే పొలానికని వెళ్లారు.

అంతలో వీధి చివర నాటుబాంబు పేలింది. మొహాలకు తువ్వాళ్లు చుట్టుకున్న మనుషులు ఆ ఊరి గురవయ్య మీద పడ్డారు. కొడవలి భుజంలో దిగింది. రెండో వేటుకు చెయ్యి వేలాడింది. మనిషి కూలినా వదల్లేదు. బండరాయెత్తి మోకాలు చితగ్గొట్టి మరీ పోయారు.

వీధి తలుపులన్నీ మూసుకున్నాయి. చైతన్య మాత్రం చూస్తూ ఊరుకోలేకపోయాడు. అమ్మ లాగుతున్నా విడిపించుకుని పరిగెత్తాడు. చొక్కా విప్పి గాయానికి బిగించి కట్టి, హబీబుల్లా ఆటోలో గురవయ్యను మాచర్ల ఆసుపత్రికి బయల్దేరదీశాడు.

ఆటో అడుగంతా రక్తం. గురవయ్య కళ్లు మూతలు పడుతున్నాయి.

“నిద్రపోమాక బాబాయ్!” ఏం మాట్లాడాలో తోచక నోటికొచ్చిందే అప్పజెప్పాడు. “ఐ రీకన్సైల్ బ్యాంక్ స్టేట్‌మెంట్స్...”

“అంటే ఏందిరా?”

“మన లెక్కా బ్యాంకోళ్ల లెక్కా పక్కన పెట్టుకుని తేడా పట్టుకోవటం.”

“చానా చదివావు. ఉద్యోగం ఖాయమేనా?”

“ఇంగ్లీషు గట్టెక్కితే ఖాయమే. తర్వాత పోలీసోళ్లని అడిగి కనుక్కుంటారంట. నా మీద ఒక్క కేసన్నా లేదుగా!”

“మంచిదిరా.” గురవయ్య మిగిలిన చేత్తో చైతన్య చేతిని గట్టిగా పట్టుకున్నాడు. ఇంత ప్రాణం మీదికొచ్చినా తన మంచి అడిగాడని చైతన్యకు ఏడుపొచ్చింది.

ఆసుపత్రి గుమ్మంలో, అప్పటికే కబురంది వచ్చిన గురవయ్య తమ్ముడు తెల్లకాగితం పట్టుకుని ఎదురొచ్చాడు. “ఎస్సై వస్తున్నాడన్నా. ఫిర్యాదులో మొదట ఎవరి పేరు పెడదాం?”

గురవయ్య పట్టుకున్న చెయ్యి వదలకుండానే అన్నాడు: “మన పగోడు పుల్లయ్య కొడుకుల్లో చదువుకున్నోడు ఈడొక్కడేగా, ఈడిదే పెట్టు.”