మరో చొక్కా

"గడ్డం కొంచెం పైకెత్తు," అన్నాడు ఫోటోగ్రాఫర్.

కుర్రవాడు ఎత్తాడు. విగ్గు వెనక్కి జారింది. తెర పక్కన నిలబడ్డ వాళ్ళక్క గబగబా వచ్చి దాన్ని నుదుటి మీదికి లాగి, చెవుల దగ్గర సర్ది పక్కకు తప్పుకుంది.

"తల దువ్వుకోమని ఒకప్పుడు ప్రాణం తీసేది బాబాయ్. ఇప్పుడు నేను ఇంట్లో లేకపోయినా నా తల దువ్వేస్తోంది," అన్నాడు కుర్రవాడు.

ఫోటోగ్రాఫర్ నవ్వు ఆపుకోలేక కెమెరా దించాడు. అక్కాతమ్ముళ్ళిద్దరూ స్టూడియో వెనక సందులోనే ఉంటారు. కాలేజీ కార్డుకైనా ఉద్యోగం దరఖాస్తుకైనా కుర్రవాడి ఫోటోలన్నీ తీసింది అతనే. పోయినేడు రక్తంలో క్యాన్సర్ అని తేలినప్పుడు సందు సందంతా చెవులు కొరుక్కుంది కానీ, వాడు మాత్రం దాచుకోలేదు. జుట్టు రాలిన తలతోనే వచ్చి స్టూడియో ముందు బల్ల మీద కూర్చుని వార్డు కబుర్లు చెప్పేవాడు. బాత్‌రూమ్‌కి కూడా వదలకుండా వెంట వస్తోందని సెలైన్ స్టాండుకి 'అక్క' అని పేరు పెట్టాడట. పక్క మంచం మీద చిన్నపిల్ల సూది చూసి ఏడుస్తుంటే, ఎవరు గట్టిగా అరుస్తారో చూద్దామని పందెం వేసి ప్రతిసారీ ఆ పిల్లనే గెలిపించేవాడట. వాడు వెళ్ళిపోయాక ఫోటోగ్రాఫర్‌కి చాలాసేపు పని మీద ధ్యాస కుదిరేది కాదు.

ఈవేళ పొద్దున కుర్రవాడు అక్కని వెంటబెట్టుకుని సంచీ నిండా చొక్కాలతో వచ్చాడు. గుమ్మంలోనే చెప్పాడు. "ఇక ఆస్పత్రికి రానక్కర్లేదన్నారు బాబాయ్."

ఫోటోగ్రాఫర్ వాడి రెండు చేతులూ పట్టుకున్నాడు. గండం గడిచింది, ఇంక నీకేం భయం లేదు నాయనా అన్నాడు. కుర్రవాడు తలూపాడు. వాళ్ళక్క గోడవైపు తిరిగి చున్నీ అంచుతో కళ్ళు ఒత్తుకుంది. ఇన్నాళ్ళూ ఉగ్గబట్టుకున్నదంతా ఇప్పుడు బయటికొస్తోంది కాబోలు అనుకుని, ఆమెకి మంచినీళ్ళ సీసా అందించాడు ఫోటోగ్రాఫర్.

చొక్కా మార్చినప్పుడల్లా తెర కూడా మార్చమన్నాడు కుర్రవాడు. ఒకసారి నీలం, ఒకసారి బూడిదరంగు, ఒకసారి తెర తీసేసి పుస్తకాల అలమర ముందు. బుగ్గలు లోతుగా ఉన్నాయని లోపల దూది పెట్టుకున్నాడు. ఫోటో మూలన తేదీ పడకుండా చూడమన్నాడు. ఏడాదిగా అద్దం చూసుకోని కుర్రాడు, సరదా తీర్చుకుంటున్నాడులే అనుకున్నాడు ఫోటోగ్రాఫర్.

నాలుగో చొక్కాకి వాడికి ఆయాసం వచ్చింది. స్టూలు మీద కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు ఆన్చి ఊపిరి కూడదీసుకున్నాడు. మిగతావి రేపు తీద్దాం, తొందరేముంది అన్నాడు ఫోటోగ్రాఫర్.

"ఇవాళే కానిచ్చేద్దాం బాబాయ్. మళ్ళీ ఈ దూది ఎవరు పెట్టుకుంటారు."

వాడు సేద తీరేలోగా, ఈ ఫోటోలన్నీ ఎవరికని ఫోటోగ్రాఫర్ అడిగాడు. అక్క చెప్పింది. తల్లీతండ్రీ పోయాక తమని పెంచింది అమ్మమ్మే. ఎక్కడో దూరాన కొండల్లో ఉంటుంది. మోకాళ్ళు సహకరించక ప్రయాణాలు మానేసింది. చెవులు బాగా మందగించాయి కాబట్టి ఫోను ఉన్నా లేనట్టే. మనవడి ఫోటో వస్తే ముక్కుకి ఆన్చుకుని బుగ్గలు నిండాయా లేదా అని చూస్తుంది. జబ్బు మొదలయ్యే ముందు పంపిన ఫోటోలో చిక్కినట్టు కనిపించాడని ముద్ద ముట్టకుండా కూర్చుందట. ఆ తర్వాత ఇంకే ఫోటో పంపలేదు. జబ్బు సంగతి చెప్పలేదు. ఉద్యోగంలో సెలవు దొరకడం లేదని అక్కడి పక్కింటివాళ్ళ చేత ఆమె చెవిలో అరిచి చెప్పిస్తూ వచ్చారు.

"గట్టి మనిషి. నూరేళ్ళు బతుకుతుంది," అన్నాడు కుర్రవాడు లేస్తూ.

చివరి చొక్కా బాగా పెద్దది. లోపల తువ్వాలు చుట్టుకుని చిన్న బొజ్జ తెచ్చుకున్నాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. పౌడరు డబ్బా అక్క చేతికిచ్చి, చెంపల దగ్గర రెండు వెంట్రుకలు తెల్లగా చెయ్యమన్నాడు.

"ఏమిట్రా, నాటకంలో వేషమా?" అన్నాడు ఫోటోగ్రాఫర్.

"మా ఇంట్లో మగవాళ్ళకి తొందరగా నెరుస్తుందట బాబాయ్. నాకు నప్పుతుందో లేదో చూద్దామని."

అక్క వేలు చెంప దాకా వెళ్ళి ఆగిపోయింది. వాడు నెమ్మదిగా డబ్బా తీసుకుని, అద్దంలో చూసుకుంటూ తనే పూసుకున్నాడు. నువ్వు పూస్తే పిండిమిల్లులోంచి వచ్చినవాడిలా ఉంటాను అన్నాడు. ఆమె నవ్వబోయింది కానీ పెదవులు మాట వినలేదు.

కెమెరా ముందు మాత్రం వాడు నిండుగా నవ్వాడు. అలాంటి నవ్వు ఆ స్టూడియోలో చాలాకాలంగా ఎవరూ నవ్వలేదు. ఫోటోగ్రాఫర్ అడక్కుండానే ఇంకో రెండు తీశాడు.

ఫోటోలు అయిపోయాక అక్క వాడి విగ్గు తీసి, చెమట పట్టిన నున్నటి తలని చున్నీతో తుడిచింది. తుడవడం అయిపోయినా చెయ్యి తియ్యలేదు. వాడు కళ్ళు మూసుకుని ఆ చేతి కింద అలాగే ఉండిపోయాడు.

ఫోటోగ్రాఫర్ కంప్యూటర్లో ఒక్కొక్కటే చూసుకుంటూ మురిసిపోయాడు. రేపటికల్లా ప్రింట్లు చేసి ఇస్తానన్నాడు.

"ఇన్ని ఫోటోలు ఒక్కసారే చూస్తే మీ అమ్మమ్మ సంతోషం పట్టలేకపోతుందిరా."

కుర్రవాడు కళ్ళు తెరిచాడు. అక్క చొక్కాలు మడత పెడుతోంది.

"ఒక్కసారే కాదు బాబాయ్, ఏడాదికొకటి అక్క పంపుతుంది."