మొదటి లోడు

"స్టీరింగు మళ్ళీ ఆడతంది బాబాయ్," అన్నాడు జీవరత్నం, లారీ ఇంజను ఆపకుండానే.

మేస్త్రీ అలీ సాహెబ్ షెడ్డులో లేత్ మిషను దగ్గర నుంచి లేచి వచ్చి స్టీరింగు పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. స్టీరింగు జానెడు తిరిగినా ముందు చక్రం కదల్లేదు.

"కింగ్‌పిన్ బుష్ పోయిందిరా."

"మొన్న తొలకరికేగా ఏసింది!"

అలీ సాహెబ్ పానా అందుకున్నాడు.

లారీ ముందు చక్రం పక్కకు తిరిగేది కింగ్‌పిన్ అనే ఇనప కడ్డీ మీద. ఆ కడ్డీకి తొడిగే, గన్‌మెటల్ అనే కంచుతో చేసిన గొట్టమే బుష్. రెండింటి మధ్యా గ్రీజు ఉన్నంత కాలం దానికి చావు లేదు. జీవరత్నం లారీ ఎంత ముసలిదంటే, దాని బుష్‌లు నరసరావుపేటలో ఏ కొట్టు గడప తొక్కినా దొరకవు. బయట నుంచి తెప్పించుకునే స్తోమత అతనికి లేదు. అందుకని పాతసామాన్ల కొట్లో గన్‌మెటల్ ముక్క ఏరుకొచ్చి, అలీ సాహెబే తన లేత్ మీద తరిగి ఇస్తాడు.

"వారం వారం గ్రీజు కొడతానే ఉన్నా. లోపలికి ఎక్కితేగా? ఎంత కొట్టినా బయటికే కక్కుద్ది. గ్రీజు కొట్టే గన్ను పాతదయిందన్నావని కొత్తది గూడా కొన్నా బాబాయ్."

అలీ సాహెబ్ జాకీ కోసం వంగాడు.

"ఇంకో సంగతి. ఇంకోసారి బండి షెడ్డెక్కితే లోడు ఇయ్యనని క్వారీ మేనేజరు తెగేసి చెప్పాడు. ఈ బుష్ గూడా పోయిందంటే బండిని తూకానికి అమ్మేసి, ఎవడి కిందో డ్రైవరుగా చేరతా. మా ఆవిడ సుందరి ఒకటే ఏడుపు."

"నా చెయ్యి మీద అనుమానమా?"

"ఛ! ఆ మలుపులో షెడ్డోడు 'సాయిబు చెయ్యి పోయింది' అన్నాడని వాడితో కొట్లాడొచ్చా. రోడ్లు అట్టా తగలడ్డాయి. నువ్వేం చేస్తావు?"

జాకీ తిప్పుతున్న అలీ సాహెబ్ చెయ్యి ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది.

"పోయి టీ తాగి రా," అన్నాడు.

బుష్ ఎక్కించేటప్పుడు పక్కన మనిషి నిలబడితే ఆయనకు గిట్టదు. తీసిన బుష్‌ని తీసినట్టే ఇనప డబ్బాలో పారేస్తాడు. కొత్తది బిగించాకే కేకేస్తాడు. ఈ చాదస్తం అలవాటైన జీవరత్నం బయటికి నడుస్తూ, మేకుకు తగిలించిన చొక్కా చూసి ఆగాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా.

"నేనొస్తానని కల గన్నావా ఏంది?" అని నవ్వి వెళ్ళాడు.

ఆ చొక్కా మొదటి లోడు కోసం. అలీ సాహెబ్ పని నేర్చుకున్న షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. స్టీరింగు ముట్టుకున్న మేస్త్రీ, మొదటి లోడుకు డ్రైవరు పక్కన కూర్చుని తీరాలి. తన పనికి తన ప్రాణమే పూచీ అన్నమాట. తోటివాళ్ళంతా దాన్ని ఎప్పుడో గాలికొదిలేశారు. ఈయన వదల్లేదు.

వదిలితే ఆయనకు మాట్లాడే మనిషి ఎక్కడ? భార్య హజ్రా బీ పోయాక ఇంట్లో గిన్నె చప్పుడు కూడా లేదు. షెడ్డుకు వచ్చే బళ్ళూ తగ్గాయి. కొత్త బళ్ళకు అన్నీ కంపెనీ సామాన్లే. షట్టరు ఎత్తిన దగ్గర నుంచి దించేదాకా ఎవరితోనూ పలుకు లేని రోజులే ఎక్కువ. ఒంటరితనం ఆ మనిషిని పీక్కు తింటోంది. ఎవరితోనైనా చెప్పుకుందామన్నా ఎవరూ లేకపోవడమే ఆయన బాధ.

జీవరత్నం టీ తాగి, పేపరు తిరగేసి, ఇంకో టీ తాగి వచ్చినా పని పూర్తి కాలేదు.

"ఈసారి చానాసేపు పట్టిందే?"

"పట్టింది," అన్నాడు అలీ సాహెబ్ చేతులు తుడుచుకుంటూ.

మర్నాడు నాపరాళ్ళ లోడుకు మాచర్ల బయల్దేరారు. అలీ సాహెబ్ తెల్ల చొక్కా తొడుక్కుని, అత్తరు రాసుకుని, పెళ్ళికి పోతున్నట్టు క్యాబిన్‌లో కూర్చున్నాడు. మామూలుగా అయితే పిడుగురాళ్ళ దాటక ముందే ఆయన నోరు విప్పేవాడు. హజ్రా బీ వండిన ఖీమా, వయసులో సాగర్ గేట్లు ఎత్తితే చూడటానికి సైకిలు మీద పోవడం, ఏ మలుపులో ఎవరి లారీ బోల్తా కొట్టిందీ ఒకటొకటే చెప్పుకొచ్చేవాడు. షెడ్డులో పెదవి విప్పని మనిషేనా అని జీవరత్నం ఆశ్చర్యపోయేవాడు.

ఆ రోజు మాత్రం మాట లేదు. గురజాల దగ్గర వేపచెట్టు కింద బండాపి క్యారేజీ విప్పారు.

"గోంగూరలో నీకని కారం తగ్గించింది మా సుందరి. తిను బాబాయ్."

అలీ సాహెబ్ ఒక్కో ముద్దా నిదానంగా తిన్నాడు.

"ఏంది, ఇయ్యాల మాట్లాడవు?"

"రోడ్డు చూస్తన్నా."

"ఎప్పుడూ చూసేదేగా!"

"ఎప్పుడూ చూసేదే," అన్నాడు అలీ సాహెబ్.

తిరుగు ప్రయాణంలో నిండు లోడు మీద కూడా స్టీరింగు వెంట్రుకవాసి ఆడలేదు. పొద్దు వాలకముందే షెడ్డు ముందు బండి ఆగింది.

"ఇదన్నా నిలబడుద్దంటావా?" అడిగాడు జీవరత్నం.

"నిలబడుద్ది. ఇంక పోదు."

"అట్టయితే నీ దగ్గరికి రావాల్సిన పనే ఉండదుగా!" అంటూ హుషారుగా గేరు వేశాడు.

అలీ సాహెబ్ కూడా నవ్వాడు. "గ్రీజు కొట్టడం మాత్రం మానబాకరా."

"ఎక్కి చావదుగా బాబాయ్!"

"నువ్వు కొట్టు."

లారీ మలుపు తిరిగేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు. తరువాత లోపలికి వెళ్ళి తెల్ల చొక్కా విప్పాడు. మేకుకు తగిలించకుండా, మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

బుష్‌కి గ్రీజు లోపలికెళ్ళే రంధ్రం ఆయన ఈసారే పెట్టాడు.