సిరా చుక్కలో బూజు

యాభై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని. తప్పులుంటే దిద్దుకోండి. ఈ కార్డు మీద కథ రాయడానికే నాకు నాలుగు రోజులు పట్టింది.

“నా కొడుక్కి కూట్లో మందు పెట్టింది ఇదే సార్,” అంటూ ఓబమ్మ తన కోడలు సుంకమ్మను డాక్టరుకు వేలెత్తి చూపించింది. “రెండు నెల్లుగా తలనొప్పి, వాంతులు. మందు కక్కించేవాని దగ్గరికి మూడుసార్లు తీసకపోయినా. రేపు దీన్ని పుట్టింటికి తోలిస్తా.”

వాంతులతో చస్తున్నవాడికి మళ్ళీ వాంతులు చేయించడం ఎంత గొప్ప వైద్యమో అనుకుంది సుంకమ్మ.

డాక్టరు, మంచం మీదున్న ఓబమ్మ కొడుకు చిన్నప్ప వెన్నులోంచి తీసిన నీళ్ళలో నల్లసిరా చుక్క కలిపి, ఓబమ్మను మైక్రోస్కోపు దగ్గరికి పిలిచాడు.

“నలుపులో తెల్లగా, గుండ్రంగా ఉన్నాయే, అవి బూజు అవ్వా. దుమ్ముతో లోపలికి పోయి మెదడు పొరలకు పట్టింది.”

ఓబమ్మ ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.

“బాగా చూడత్తా, ఆడ యాడన్నా నా మొగం కనపడతాందా?” అంది సుంకమ్మ.

ఓబమ్మ మైక్రోస్కోపు దగ్గర్నుంచి పక్కకు జరిగింది.

“ఆరు వారాలు సూదిమందు ఎక్కించాలి. బతుకుతాడని మాటివ్వలేను. ఆ మందుకు చలిజ్వరం వచ్చి కుదిపేస్తుంది, పక్కన ఒక మనిషి ఉండాలి,” అన్నాడు డాక్టరు.

ఓబమ్మ సంచి తీసుకుంది. “మా కోడలుంటాదిలే సార్. నాకీ ఆస్పత్రి వాసన పడదు.”

తలుపు దగ్గర ఆగి, వెనక్కి చూడకుండానే అంది: “వానికి మెల్లగా తినబెట్టు.”

— సాకే నరసమ్మ, అరవై ఒక్క ఏళ్ళు, ఇప్పుడుండేది కదిరిలో.