గురువారం లోపు

అక్టోబరు వచ్చిందంటే ఒమన్ దేశంలో, సీబ్‌లోని ఆ విల్లాకు పూనకం వచ్చినట్టే. ఎండ తగ్గుతుంది. నెలల తరబడి మూసి ఉంచిన కిటికీలు తెరుచుకుంటాయి. ఏసీ ఫిల్టర్లు కడగాలి, హాల్లో తివాచీలు దులపాలి, స్టోర్ రూమ్ లోంచి చలికాలం కంబళ్లు దించాలి. పైగా ఈ శుక్రవారం బహ్లా నుంచి మేడం నాదియా అత్తగారు దిగుతోంది.

పదిహేడేళ్లుగా ఈ పనులన్నీ కళ్లు మూసుకుని చేసే శాంతవ్వకు ఈ ఏడు కాలు ఒకచోట నిలవడం లేదు. దానికి కారణం అత్తగారు కాదు. కొత్తగా వచ్చిన పనిపిల్ల రజిత.

శాంతవ్వ మోకాళ్లు అరిగిపోయాయి. "మీ వైపు నుంచి ఎవరినైనా పిలిపించు, నీ దగ్గర పని నేర్చుకుంటుంది" అని మేడం మూడుసార్లు అడిగింది. ఎవరూ లేరని శాంతవ్వ మూడుసార్లూ చెప్పింది. అయినా మేడం పట్టు వదలకుండా మనుషుల్ని తెప్పించే ఆఫీసుకు ఫోన్ చేసింది. పిల్ల దిగనే దిగింది.

మూడు నెలల్లో పని నచ్చకపోతే ఆఫీసువాళ్లే వెనక్కి తీసుకుని ఇండియాకు పంపాలి. ఆ గడువు గురువారంతో ఆఖరు. అది దాటిందా, ఇక రెండేళ్లు పిల్ల ఇక్కడే.

ఎలాగైనా ఆ లోపు పంపించెయ్యాలి. శాంతవ్వకు ఇంకో ధ్యాస లేదు.

వచ్చిన రోజే గేటు దగ్గర ఆపి మరీ చెప్పింది. "ఇంట్ల అందరి లెక్కనే నన్ను శాంతవ్వా అని పిలువు. వేరే పిలుపులు పెట్టుకోకు. సమజైందా?" రజిత బిక్కమొహం వేసుకుని తలూపింది.

చిక్కేమిటంటే, పిల్ల పనిలో చురుకు. ఆదివారం వేసవి బట్టలన్నీ మడిచి డబ్బాల్లో సర్దింది. ఏ డబ్బాలో ఏముందో ఇంగ్లీషులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి అంటించింది. మేడం చూసి, "మాషా అల్లా! ఇన్నాళ్లకు ఇల్లు ఇల్లులా ఉంది" అని మురిసిపోయింది.

శాంతవ్వ గుండెల్లో రాయి పడింది. అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు వెళ్లి ఆ చీటీలన్నీ పీకి తారుమారు చేసింది. మర్నాడు మేడం శాలువాల కోసం డబ్బా తెరిస్తే పిల్లల ఈత బట్టలు బయటపడ్డాయి.

మంగళవారం రజిత ఫిల్టర్లు కడిగి ఎండబెట్టింది. శాంతవ్వ వాటి మీద తివాచీ దుమ్మంతా దులిపింది. ఏసీ వేయగానే మేడం తుమ్ములే తుమ్ములు.

వంటమనిషి షంషాద్‌ది రాయచోటి. చీటీలు మార్చడం ఆమె కంటపడింది. ఉండబట్టలేక అడిగేసింది.

"ఏమక్కా, ఆ పిల్ల మీద నీకెందుకింత కచ్చ? నర్సింగు సదివే పిల్లంట, సగంలో మానేసి వచ్చినాదంట. మీ పక్క పిల్లే గదా, జాలి లేదా నీకు?"

"నీ వంటేందో నువ్వు చూసుకో."

"నీ చోటు లాక్కుంటాదని భయమా?"

శాంతవ్వ కిటికీ వైపు తిరిగింది. బయట రజిత ఒట్టి చేతులతో బ్లీచు పోసి మెట్లు రుద్దుతోంది. శాంతవ్వ గబగబా వెళ్లి రబ్బరు తొడుగులు ఆమె మీదికి విసిరింది. "చేతులు పొక్కితే మళ్ల నన్నే అంటరు. తొడుక్కో!"

బుధవారం వచ్చింది. మేడం ఇంకా ఊగిసలాటలోనే ఉంది. "చిన్న పిల్ల కదా, నేర్చుకుంటుందిలే" అంటోంది. శాంతవ్వ మేడ ఎక్కుతోంది, దిగుతోంది.

మధ్యాహ్నం రజిత మేడం అత్తగారి పెళ్లినాటి ఉన్ని కంబళిని మిషన్‌లో వేసింది. చన్నీళ్ల మీదే పెట్టింది, పాపం, రెండుసార్లు సరిచూసుకుంది కూడా. ఆమె అటు వెళ్లగానే శాంతవ్వ వచ్చింది. బటన్‌ను తొంభై డిగ్రీల మీదికి తిప్పింది.

బయటికి తీసేసరికి అంత పెద్ద కంబళీ ఉయ్యాలలో పిల్లకు కప్పేంత అయింది.

మేడం నెత్తి పట్టుకుంది. రజిత ఏడుస్తూ, "నేను చన్నీళ్లే పెట్టిన మేడం, ఒట్టు!" అంది. మేడం శాంతవ్వ వైపు తిరిగి, "నువ్వేమంటావు? నీ మాట మీదే ఉంచుతాను" అంది.

శాంతవ్వ తల ఎత్తలేదు. "ఈమెకు పని రాదు మేడం. పంపెయ్యండి."

"ఖలాస్," అంది మేడం.

గురువారం మధ్యాహ్నం ఆఫీసు బండి వచ్చింది. సాయంత్రం విమానానికే టికెట్టు. రజిత బ్యాగు పట్టుకుని శాంతవ్వ ముందు నిలబడింది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది.

"నేనేం పాపం జేసిన నీకు?"

"బండి ఆగదు. ఎక్కు." శాంతవ్వ ఒక సంచీ ఆమె చేతిలో కుక్కింది. "ఖర్జూరాలున్నయి. తొవ్వల తిను."

బండి మలుపు తిరిగింది. షంషాద్ మూతి తిప్పుకుంది.

"ఇంగ సల్లబన్నాదా కడుపు?"

"చల్లబడ్డది," అంది శాంతవ్వ.

పెరట్లోకి వెళ్లి, ఆరేసిన తివాచీల వెనక కూలబడి, కోరుట్లలోని తమ్ముడు లింబాద్రికి ఫోన్ కలిపింది.

"తమ్మీ, ఎయిర్‌పోర్టుకు నువ్వే పోయి సీదా నర్సింగు కాలేజీల దింపు, పాస్‌పోర్టు నీ బీరువల పెట్టి తాళమెయ్యి, చదువు మాన్పిచ్చి ఈ ఇంటికే తోలిన వాళ్ల నాయిన కాళ్లు మొక్కినా ఇయ్యకు, నా బిడ్డ మళ్ల ఈ తొవ్వ తొక్కద్దు."