మళ్ళీ చెడిన మీటరు

డెబోరా తన రిపేరు కొట్టులో మల్టీమీటరు మూత విప్పి, బోర్డును లైటు కిందకి వంచింది. ఒక రెసిస్టర్ కాలు నున్నగా తెగి ఉంది.

"మళ్ళీ ఇదేటి సారూ?"

ఐటీఐలో పాఠాలు చెప్పే రోషన్ గొంతు సవరించుకున్నాడు. "మా ల్యాబులో ఎలకలెక్కువండి. కొరికేసుంటాయి."

"కటింగ్ ప్లయరుతో కొరికినాయా?"

రోషన్ తల దించుకున్నాడు. ఆమె నవ్వకుండా టంకం పెట్టింది. మీటరు బుద్ధిగా సరైన వోల్టేజి చూపించింది. చోడవరంలోని ఈ కొట్టుకు రావడానికి ఇక ఏ వంకా మిగల్లేదనుకుంటూ, రోషన్ మీటరు చంకన పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాడు.

"సారూ," వెనక నుంచి పిలిచింది డెబోరా. "ఈపాలి బోర్డు జోలికెళ్ళకండి, పాడైపోద్ది. ఫ్యూజు పీకి తెచ్చీండి. సిటికెలో ఏసేస్తాను. మిగతా టైమంతా మాటాడుకోవచ్చు."